ఇంజను చెప్పే లెక్క: మోటారు సైకిల్ పెట్రోలు ఇంజెక్షనును సవరించే విధానం



వేసవి సెలవులు రాగానే మెకానిక్ షెడ్డులో పనికి వెళ్ళే తమ్ముళ్ళు మన హాస్టళ్ళలో ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. కార్బురేటరు విప్పి, జెట్టు ఊది, గాలి స్క్రూ అర చుట్టు అటూ ఇటూ తిప్పి, సైలెన్సరు చప్పుడు విని "ఇప్పుడు సరిపోయింది" అనగలిగే నేర్పు వాళ్ళ చేతుల్లో ఉంటుంది. మన దేశంలో 2006 లోనే గ్లామర్ ఎఫ్.ఐ. రూపంలో ఇంజెక్షన్ బండి వచ్చినా, షెడ్లకు దాని వేడి పెద్దగా తగల్లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు రావడంతో కొత్త బళ్ళలో చాలా మటుకు కార్బురేటరు పోయింది. దాని స్థానంలో ఇంజెక్టరు, సెన్సార్లు, ఇ.సి.యు. అనే చిన్న కంప్యూటరు డబ్బా వచ్చాయి. తిప్పడానికి స్క్రూ లేదు. "ఇక మన పని అయిపోయింది, కంప్యూటరు చదివినవాడిదే రాజ్యం" అనే మాట షెడ్లలో వినిపిస్తూ ఉంటుంది.

ఆ మాట సగమే నిజం. ఇ.సి.యు. లోపల జరిగేది ఎనిమిదో తరగతి నిష్పత్తుల లెక్క. ఆ లెక్క తప్పినప్పుడు పట్టుకోవడానికి షెడ్డులో పెరిగిన చెవి, ముక్కు ఇప్పటికీ కావాలి. ఇది ఎలాగో ఒక నిజమైన ఇంజనును ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

ఒక చుక్క కన్నా తక్కువ

కె.టి.ఎం. 390 డ్యూక్ బండికి మొదట వచ్చిన ఇంజనును తీసుకుందాం. ఫార్ములా భారత్ వంటి విద్యార్థుల పోటీలకు కార్లు కట్టే ఇంజనీరింగ్ కళాశాలల జట్లు చాలా వరకు దీన్నే ఎంచుకుంటాయి కాబట్టి, మీలో ఎవరైనా రేపు ఇంజనీరింగులో చేరితే ఇది మీ చేతికి రావచ్చు. ఒకటే సిలిండరు, వ్యాసం 89 మి.మీ., స్ట్రోకు 60 మి.మీ. వృత్త వైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే సుమారు 373 ఘన సెంటీమీటర్లు వస్తుంది. సి.సి. అంటే అదే.

35 డిగ్రీల ఎండలో ఒక లీటరు గాలి బరువు సుమారు 1.15 గ్రాములు. కాబట్టి సిలిండరు పూర్తిగా నిండితే అందులో 0.43 గ్రాముల గాలి ఉండాలి. కానీ ఇంజను ఎప్పుడూ నిండుగా ఊపిరి పీల్చదు. థ్రాటిల్, అంటే మనం షెడ్డులో ఎక్సలేటరు అనేది, ఎంత తెరిచాం, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోంది అనేదాన్ని బట్టి ఒకచోట 40 శాతం, మరొకచోట 90 శాతం నిండుతుంది. పాఠ్యపుస్తకంలో దీన్ని ఘనపరిమాణ దక్షత అంటారు. మనం నిండుదల అనుకుంటే చాలు.

నిండుదల 90 శాతం అనుకుంటే గాలి 386 మిల్లీగ్రాములు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి. అయితే పూర్తి థ్రాటిల్‌లో బలం కోసమూ, పిస్టన్ చల్లదనం కోసమూ పెట్రోలు కొంచెం ఎక్కువ ఇస్తారు కాబట్టి 12.9 పాళ్ళు అనుకుందాం. భాగిస్తే సుమారు 30 మిల్లీగ్రాముల పెట్రోలు. ఘనపరిమాణంలో ఇది 0.04 సి.సి. కంటి మందు సీసా నుంచి పడే ఒక చుక్క 0.05 సి.సి. దాకా ఉంటుంది. అంటే ఇంజను ఒక్కో విడతకు అడిగేది చుక్క కన్నా తక్కువ. 6,000 ఆర్‌పిఎం దగ్గర సెకనుకు 50 సార్లు అడుగుతుంది. దానిలో పది శాతం తేడా వచ్చినా బండి స్వభావం మారిపోతుంది. కార్బురేటరు ఒక సన్నటి ఇత్తడి రంధ్రంతో ఇన్నేళ్ళు ఈ పని చేసిందంటే దానికి దండం పెట్టాల్సిందే.

ఇంజెక్టరు చేసేది తలుపు తీయడం, వేయడం మాత్రమే. సెకనుకు 3 గ్రాములు పోసే ఇంజెక్టరు అయితే 30 మిల్లీగ్రాములకు 10 మిల్లీసెకన్లు తెరిచి ఉండాలి. పైగా కరెంటు ఇచ్చాక సూది లేవడానికి కొంత సమయం వృథా అవుతుంది. అది 1 మిల్లీసెకను అనుకుంటే మొత్తం 11. ఆ 1 మిల్లీసెకనును గుర్తు పెట్టుకోండి, తర్వాత పని ఉంది.

పట్టిక, లామ్డా

ఇ.సి.యు. లోపల క్రికెట్ స్కోరు బోర్డు లాంటి గళ్ళ పట్టిక ఉంటుంది. అడ్డంగా ఆర్‌పిఎం, నిలువుగా థ్రాటిల్ శాతం, ఒక్కో గడిలో ఒక నిండుదల సంఖ్య. కొన్ని ఇ.సి.యు.లు థ్రాటిల్‌కు బదులు ఇన్‌టేక్ గొట్టంలోని పీడనాన్ని వాడతాయి. ఒకే సిలిండరు ఇంజనులో రెండు చుట్లకు ఒకసారే గాలి లాగడం జరుగుతుంది కనుక ఆ పీడనం ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. అందుకని ఇలాంటి ఇంజన్లకు థ్రాటిల్ పట్టిక సులువు.

పట్టికలోని సంఖ్య సరైనదా కాదా అని తెలిసేది ఎలా? సైలెన్సరు గొట్టంలో మిగిలిన ఆక్సిజనును కొలిచే సెన్సారు ద్వారా. అది లామ్డా అనే సంఖ్య ఇస్తుంది. గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోతే లామ్డా 1. పెట్రోలు ఎక్కువైతే 1 కన్నా తక్కువ, అది రిచ్. పెట్రోలు తక్కువైతే 1 కన్నా ఎక్కువ, అది లీన్. మన మెస్సు భాషలో చిక్కన, పల్చన. మెస్సులో చారు పల్చనైతే మనం మూతి ముడుచుకుని తినేస్తాం. పూర్తి థ్రాటిల్‌లో మిశ్రమం పల్చనైతే మాత్రం ఇంజను ఊరుకోదు. వేడి పెరుగుతుంది, నాకింగ్ మొదలవుతుంది, చివరికి పిస్టన్ తల కరిగి రంధ్రం పడుతుంది. పిస్టను, సిలిండరు మార్చాలంటే ఒక విద్యార్థి జట్టు సంవత్సరం ఖర్చులో ఎంత భాగమో ఆ జట్టులో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

రోడ్డు బళ్ళలో ఉండే మామూలు ఆక్సిజన్ సెన్సారు మిశ్రమం 1 కి అటు ఉందా, ఇటు ఉందా అని మాత్రమే చెబుతుంది. ఎంత దూరంలో ఉందో చెప్పదు. ట్యూనింగుకు వైడ్‌బ్యాండ్ రకం కావాలి. బాష్ వారి ఎల్.ఎస్.యు. 4.9 విరివిగా వాడేది.

ఇక్కడ పెట్రోలు గురించి ఒక మాట. 2025 నాటికి మన దేశంలో బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ-20 సర్వసాధారణమైంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి ఇ-20 కి 14.7 బదులు సుమారు 13.5 పాళ్ళ గాలి సరిపోతుంది. అంటే అదే గాలికి పెట్రోలు ఎనిమిది, తొమ్మిది శాతం ఎక్కువ పోయాలి. పాత పుస్తకాల్లోని 14.7 ని పట్టుకుని వేలాడితే లెక్క తప్పుతుంది. లామ్డా 1 మాత్రం ఏ ఇంధనానికైనా 1 గానే ఉంటుంది. అందుకే నా సలహా ఏమిటంటే, మొదటి నుంచీ లామ్డాలోనే ఆలోచించడం అలవాటు చేసుకోండి.

గమ్యంగా పెట్టుకునే లామ్డా అన్ని గళ్ళకూ ఒకటే కాదు. నిలకడగా పోయేటప్పుడు 1 దగ్గర, పూర్తి థ్రాటిల్‌లో 0.86 నుంచి 0.90 మధ్య పెట్టడం వాడుక.

లాగ్ చదవడం

లాగ్ అనగానే కొందరు తమ్ముళ్ళు నవ్వుతారని తెలుసు. ఇది మన నిక్కరు లాగు కాదు. ఇంజను నడుస్తున్నంతసేపూ సెన్సార్లు చెప్పే సంఖ్యలను వరుసగా రాసిపెట్టిన పుస్తకం. సెకనుకు పది నుంచి యాభై వరుసలు పడతాయి. పావుగంట నడిపితే వేల వరుసలు. ఆర్‌పిఎం, థ్రాటిల్, లామ్డా, ఇంజను వేడి, గాలి వేడి, బ్యాటరీ వోల్టేజి, ఇంజెక్టరు తెరిచిన సమయం, ఇవన్నీ అందులో ఉండాలి.

అర్థం కావడానికి అయిదు వరుసలు నేనే రాసి చూపిస్తున్నాను:

12.0 సెకను: ఆర్‌పిఎం 5,950, థ్రాటిల్ 40, లామ్డా 0.97
12.1 సెకను: ఆర్‌పిఎం 5,980, థ్రాటిల్ 40, లామ్డా 0.96
12.2 సెకను: ఆర్‌పిఎం 6,010, థ్రాటిల్ 41, లామ్డా 0.98
12.3 సెకను: ఆర్‌పిఎం 6,040, థ్రాటిల్ 62, లామ్డా 0.97
12.4 సెకను: ఆర్‌పిఎం 6,150, థ్రాటిల్ 75, లామ్డా 1.09

మొదటి మూడు వరుసలు బంగారం. వేగం, థ్రాటిల్ నిలకడగా ఉన్నాయి. వాటి సగటు 0.97. నాలుగో వరుస మోసం చేస్తుంది. థ్రాటిల్ 62 కి వెళ్ళిపోయింది గానీ, లామ్డా ఇంకా 0.97 చూపిస్తోంది. ఎందుకంటే ఆ క్షణంలో సెన్సారు దగ్గర ఉన్నది అంతకు ముందు కాలిన పొగ. సిలిండరు నుంచి సెన్సారు దాకా పొగ ప్రయాణించి, సెన్సారు స్పందించడానికి కొంత సమయం పడుతుంది. తక్కువ వేగంలో ఇది 0.2, 0.3 సెకన్లు కూడా ఉండవచ్చు. వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది. తెలియక ఆ 0.97 ను 62 శాతం గడిలో వేసుకుంటే ఒకరి మార్కులు ఇంకొకరి ఖాతాలో వేసినట్టే.

అయిదో వరుసలో 1.09 చూసి కంగారు పడనక్కర్లేదు. థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే గాలి ముందు పరుగెడుతుంది. పెట్రోలులో కొంత గొట్టం గోడలకు అంటుకుని ఆలస్యంగా వస్తుంది. దానికి ఇ.సి.యు.లో వేరే సవరణ ఉంది. ముఖ్య పట్టికను దీని కోసం ముట్టుకోకూడదు. అలాగే థ్రాటిల్ మూసేసి బండి జారుతున్నప్పుడు చాలా ఇ.సి.యు.లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. అప్పుడు సెన్సారుకు అందేది గాలి మాత్రమే. ఆ వరుసలన్నీ తీసేయాలి. ఇంజను 80 డిగ్రీలకు వేడెక్కక ముందు పడిన వరుసలు కూడా తీసేయాలి.

ఇన్ని తీసేస్తే మిగిలేది కొంచెమే. మిగిలిన కొంచెమే పని చేస్తుంది.

సవరణ

సూత్రం చాలా చిన్నది. కొత్త నిండుదల = పాత నిండుదల × కొలిచిన లామ్డా ÷ కావలసిన లామ్డా.

మన గడిలో కావలసింది 0.90, కొలిచింది 0.97. భాగిస్తే 1.078. అంటే పెట్రోలు 7.8 శాతం పెంచాలి. పట్టికలో 65 ఉంటే అది 70 అవుతుంది. కంప్యూటరు ల్యాబులో ఉండే ఎక్సెల్ చాలు దీనికి. ప్రతి వరుసను దాని గడిలో వేసి, సగటు తీసి, భాగించడమే.

ఇప్పుడు ఆ 1 మిల్లీసెకను సంగతి. కొందరు నిండుదల వదిలేసి ఇంజెక్టరు తెరిచిన మొత్తం సమయాన్నే శాతంతో గుణిస్తారు. పెద్ద సంఖ్యల దగ్గర పెద్దగా నష్టం లేదు. మొత్తం 8 మిల్లీసెకన్లలో అసలు పెట్రోలు పోసేది 7. దాన్ని 1.078 తో గుణిస్తే 7.55. వృథా సమయం 1 కలిపితే 8.55. మొత్తాన్ని గుణిస్తే 8.62. దాదాపు ఒకటే. కానీ ఐడ్లింగులో మొత్తం 2 మిల్లీసెకన్లే ఉంటుంది, పోసేది 1. పది శాతం పెంచాలని 2 ను 2.2 చేశామనుకోండి, పోసే సమయం 1 నుంచి 1.2 అయింది. పది అనుకుని ఇరవై శాతం పెంచాం! బండి ఐడ్లింగులో పొగ వదులుతూ ఆగిపోతుంది. బ్యాటరీ బలహీనపడి వోల్టేజి తగ్గితే ఆ వృథా సమయం ఇంకా పెరుగుతుంది కాబట్టి లాగ్‌లో వోల్టేజి కూడా ఉండాలన్నాను.

ఒక గడిలో రెండు మూడు వరుసలే పడితే సవరణలో సగమే వేయడం మంచిది. పక్క గళ్ళను చూసి నున్నగా చేయాలని చాలామందికి తొందర. కొంత అవసరమే గానీ, ఇన్‌టేక్ గొట్టం పొడవును బట్టి ఒక వేగం దగ్గర గాలి అలలు కలిసివచ్చి నిండుదల నిజంగానే పెరుగుతుంది. మరో వేగం దగ్గర తగ్గుతుంది. ఆ గుట్టలు, గుంటలు ఇంజను స్వభావం. రెండు మూడు లాగ్‌లలో అదే చోట అదే గుట్ట కనిపిస్తే దాన్ని చదును చేయకండి.

సెన్సారు చెప్పేది నిజం కానప్పుడు

ఈ భాగం కోసమే మిగతాదంతా రాశాను.

పెట్రోలు మరీ ఎక్కువైతే ప్లగ్గు తడిసి మంట సరిగా రాదు. బండి మిస్సింగు కొడుతుంది. అప్పుడు సిలిండరులోని గాలి, పెట్రోలు కాలకుండానే సైలెన్సరులోకి పోతాయి. సెన్సారు చూసేది ప్రధానంగా ఆక్సిజనును. కాలని గాలిలో ఆక్సిజన్ బోలెడంత ఉంటుంది. కాబట్టి "లీన్" అని రాస్తుంది. నిజానికి ఉన్నది రిచ్! సూత్రాన్ని గుడ్డిగా నమ్మినవాడు ఇంకా పెట్రోలు పెంచుతాడు. మిస్సింగు పెరుగుతుంది. సెన్సారు ఇంకా లీన్ అంటుంది. అలా తిరుగుతూనే ఉంటాడు.

అదే చోట షెడ్డులో నాలుగు వేసవులు పనిచేసిన కుర్రాడిని నిలబెట్టండి. సైలెన్సరు చప్పుడులో లయ తప్పడం వింటాడు. పచ్చి పెట్రోలు వాసన పట్టేస్తాడు. ప్లగ్గు విప్పి, మసి చూసి, "ఇది ఎక్కువై కొడుతోంది" అని అర నిమిషంలో చెప్పేస్తాడు. ఎం.టెక్. ప్రయోగశాలలో ఇది నేర్పే పరికరం లేదు.

రెండోది, సైలెన్సరు గొట్టం లీకు. సెన్సారుకు ముందు ఎక్కడైనా గాస్కెట్ చిరిగితే పొగ బయటికి పోతుందని మనం అనుకుంటాం. ఒకే సిలిండరు ఇంజనులో ఒక్కో దెబ్బ తర్వాత గొట్టంలో పీడనం బయటి కన్నా తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి లోపలికి వస్తుంది. మళ్ళీ అదే కథ, సెన్సారు లీన్ అంటుంది. ఐడ్లింగులో ఇది ఎక్కువ. కాబట్టి లాగ్ మొదలుపెట్టే ముందు సైలెన్సరు బోల్టులు బిగించి, చేతిని దూరంగా పెట్టి గాలి తగులుతుందేమో చూడటం తప్పనిసరి. సెన్సారును కూడా మొన పైకి ఉండేలా బిగించకూడదు. గొట్టంలో చేరే నీటి చుక్క దాన్ని పగలగొడుతుంది.

మూడోది గాలి వేడి. ఎండలో బండి ఆపి ఉంచితే గాలి సెన్సారు ఇంజను వేడికి కాగి, బయట 38 డిగ్రీలుంటే 60 అని చూపిస్తుంది. వేడి గాలి పల్చన కాబట్టి ఇ.సి.యు. పెట్రోలు తగ్గించేస్తుంది. నిజంగా లోపలికి వచ్చే గాలి అంత వేడిగా ఉండదు. కదిలిన మొదటి నిమిషం వరుసలు అందుకే నమ్మదగినవి కావు. ఎత్తు సంగతి కూడా అంతే. మన కోస్తా జిల్లాలో సరిచేసిన పట్టికను పోటీల కోసం కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకు తీసుకెళితే, అక్కడ సముద్ర మట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులో గాలి పీడనం నాలుగైదు శాతం తక్కువ. పీడనాన్ని చూసి సవరించే సదుపాయం ఇ.సి.యు.లో ఆన్ చేసి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

పాత మెకానిక్కులు ప్లగ్గు రంగు చూస్తారు. ఇటుక రంగైతే మంచిది, నలుపైతే రిచ్, తెలుపైతే లీన్. ఈ పద్ధతిని వెక్కిరించే ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. ప్లగ్గు రంగు మొత్తం ప్రయాణానికి సగటు చెబుతుంది, ఏ గడిలో తప్పు ఉందో చెప్పలేదు. లాగ్ గడి చూపిస్తుంది, కానీ అది నిజమో కాదో తనంతట తాను చెప్పలేదు. రెండూ తెలిసిన మనిషి మార్కెట్లో అరుదు. ఆ రెండింటిలో కష్టమైన సగం షెడ్డుకు వెళ్ళే మన తమ్ముళ్ళకు ఇప్పటికే వచ్చు. మిగిలిన సగం నిష్పత్తులు, ఎక్సెల్.

ఎక్కడ నేర్చుకోవాలి

రోడ్డు మీద తిరిగే బండి మీద ఈ ప్రయోగాలు చేయకండి. కంపెనీ ఇ.సి.యు.కు తాళం వేసి ఉంటుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా మార్చడం కుదరదు. పొగ పరీక్షలోనూ దొరికిపోతారు. నేర్చుకోవలసింది కళాశాల డైనమోమీటరు మీద, విద్యార్థి పోటీల జట్లలో, రేసు ట్రాకు మీద. బండి నడిపేవాడు లాప్‌టాప్ చూడకూడదు. నడిపేది ఒకరు, చదివేది ఆగాక మరొకరు.

ఇ.సి.యు. లోపల ఏముందో చూడాలనుకునేవారికి రెండు పేర్లు చెబుతాను. బౌలింగ్, గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్లు 2001 లో మొదలుపెట్టిన మెగాస్క్విర్ట్, ఎవరికివారు కట్టుకోగలిగే ఇ.సి.యు. ఆ తర్వాత వచ్చిన స్పీడుయినో, ఆర్డుయినో బోర్డు మీద నడుస్తుంది. దాని ప్రోగ్రాము మొత్తం అందరూ చదువుకోవచ్చు. వీటితో వాడే ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేరులో పట్టికను తనే సవరించే సదుపాయం కూడా ఉంది. కానీ మొదటి నాలుగైదు లాగ్‌లు చేత్తో ఎక్సెల్‌లోనే చేయండి. ఏ వరుసను ఎందుకు తీసేశారో మీకే తెలియాలి.

సవరించిన పట్టిక ఎక్కించి మళ్ళీ నడిపితే, మన గడిలో 0.97 ఉన్నది సాధారణంగా మొదటిసారికే 0.90 కి రాదు. 0.91, 0.92 దగ్గర ఆగుతుంది. ఇంకోసారి నడిపి, ఇంకోసారి సవరించాలి. ముఖ్యమైన గళ్ళన్నీ గమ్యానికి రెండు శాతం లోపలికి వచ్చాక ఆపేయండి. సెన్సారు తేడా, పూట పూటకు మారే గాలి తేడా కలిపితే అంతకన్నా దగ్గరికి వెళ్ళడం ఊహే అవుతుంది. ఈ పని నడుస్తున్నంత కాలం ఇగ్నిషన్ టైమింగును కదిలించకండి. రెండూ ఒకేసారి మారిస్తే ఏ మార్పు వల్ల ఏది జరిగిందో చెప్పలేరు. పాత పట్టికను చెరిపేయకుండా ప్రతి దాన్నీ వేరే ఫైలుగా దాచి, పేరులో తేదీ, గాలి వేడి, పెట్రోలు ఏ బంకుదో కూడా రాసుకోండి.